ఇంట్లో ప్రార్థనకి మోకాళ్ళ పీట చేయాలనుకుంటున్నా, కొలతలు చెప్పండి

అన్నలూ అక్కలూ, మాది కడప. మా అమ్మ రోజూ రాత్రి జపమాల చెప్పుకుంటాది, మా ఇంట్లో అంతా కడప బండలే కదా, చలికాలంలో ఐసు మాదిరి ఉంటాయి, దుప్పటి మడతేసి దాని మీద మోకరిస్తాది, లేచేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుని మెల్లగా లేస్తాది, చూస్తుంటే నాకు ప్రాణం పోతాది. కుర్చీలో కూర్చోమ్మా అంటే వినదు, తనకి మోకాళ్ళ మీదే ఉండాలని.

పాత ఇల్లు తీసేసినప్పటి వేప దూలాలు ఉండాయి, బాగా ఎండినవి, పురుగు పట్టలేదు. వాటితోనే చేద్దామని. కింద మోకాళ్ళకి పలక, ముందర చేతులు ఆనించుకునే స్టాండు, దానిపైన బైబిలు జారకుండా చిన్న పట్టీ.

అమ్మ ఎత్తు 5 అడుగులు. కింద పలక నేల నుంచి 6 ఇంచులు పెడితే సరిపోతాదా, ఇంకా తగ్గించాల్నా? చేతుల చెక్క 30 ఇంచులు అనుకుంటున్నా, ఎక్కువైతే భుజాలు నొప్పి పెడతాయేమో. ఫోము మెత్తంది వేస్తే నాలుగు రోజులకే అణిగిపోతాది, గట్టిది 2 ఇంచులు వేసి పైన రెగ్జిన్ కొట్టిస్తే చాలా?

అన్నిటికన్నా నా భయం ఏందంటే, లేచేటప్పుడు అమ్మ బరువంతా ముందర చెక్క మీదే వేస్తాది, అప్పుడు పీట ముందుకి పడకూడదు. కింద కాళ్ళు ముందుకి ఎంత పొడుగు పెట్టాల? కుసి (ఒక చెక్క కొన సన్నగా చెక్కి ఇంకో చెక్క రంధ్రంలో దూర్చేది) పెట్టి ఫెవికాల్ వేస్తే ఆగుతాదా, బోల్టులు కూడా కావాల్నా? చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, ఫోటో పెడితే ఇంకా మేలు.