జీరో అవర్స్ స్టాఫ్‌కి ఫర్లో డబ్బులు అడిగే హక్కుందా?

లెస్టర్ కుర్రాడు (2021 ఏప్రిల్ 14)
అన్నలూ, అక్కలూ, ఇది తేల్చి చెప్పండి. సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి యూకే వచ్చాను. ఒక రెస్టారెంట్‌లో జీరో అవర్స్ (ఇన్ని గంటల పని ఇస్తామన్న హామీ లేని కాంట్రాక్ట్) మీద కిచెన్ హెల్పర్‌గా చేరాను. ఓనర్ మనోడే. జనవరి లాక్‌డౌన్ పడగానే "నిన్ను ఫర్లోలో పెట్టాను, గవర్నమెంట్ డబ్బు రాగానే వేస్తా" అని వాట్సాప్ పెట్టాడు. ఫర్లో అంటే తెలుసుగా, పని ఆగినా ఉద్యోగంలోనే ఉంచి, గవర్నమెంట్ సాయంతో జీతంలో కొంత ఇచ్చే కోవిడ్ స్కీమ్. మూడు నెలలైంది, ఒక్క పెన్నీ పడలేదు. పైగా శుక్రవారం, శనివారం టేక్‌అవే ప్యాకింగ్‌కి పిలిచి ఐదు గంటలు చేయించుకుని ఇరవై పౌండ్లు చేతిలో పెడుతున్నాడు. గట్టిగా అడిగితే "నువ్వు క్యాజువల్, అందులోనూ స్టూడెంట్ వీసా, నీకసలు ఫర్లో రాదు" అంటున్నాడు. రెంట్ బాకీ పడి టెన్షన్‌గా ఉంది.

కోవెంట్రీ సీనియర్
వదిలేయ్ తమ్ముడూ. మనోళ్ళతో గొడవ పెట్టుకుంటే ఊళ్ళో ఇంకెవడూ షిఫ్ట్ ఇవ్వడు. కోర్టు అంటే వీసాకి కూడా ఇబ్బందేమో. డిగ్రీ చేత్తో పట్టుకుని బయటపడు చాలు.

పేరోల్ అక్క
ఆ భయంతోనే ఇలాంటి ఓనర్లు బతికేస్తున్నారు. క్యాజువల్‌కి రాదన్నది అబద్ధం. పేరోల్ మీద ఉంటే జీరో అవర్స్ వాళ్ళకీ, ఏజెన్సీ వాళ్ళకీ ఈ స్కీమ్ మొదటి నుంచీ ఉంది. నవంబర్ పొడిగింపులో అయితే 2020 అక్టోబర్ 30 నాటికి ఓనర్ నీ జీతం హెచ్‌ఎంఆర్‌సీకి (ఇక్కడి పన్నుల శాఖ) చూపించి ఉండాలి, అంతే. వీసా ఏదైనా ఫర్వాలేదు, దీన్ని పబ్లిక్ ఫండ్స్ (వీసా మీద వచ్చినవాళ్ళు తీసుకోకూడని ప్రభుత్వ సాయం) కింద లెక్కపెట్టరని గవర్నమెంటే చెప్పింది. గంటలు మారుతుండే వాళ్ళకి సగటు తీసి అందులో 80 శాతం ఇస్తారు. నీ పేస్లిప్పుల్లో నెలకి ఎంత ఉంది?

లెస్టర్ కుర్రాడు
సగటున 600 పౌండ్లు అక్కా.

పేరోల్ అక్క
అయితే నెలకి 480. క్లెయిమ్ చేసుకున్న గ్రాంట్ మొత్తం నీకే చేరాలి. అందులోంచి ఫీజనీ, ఖర్చులనీ కోసుకోవడానికి లేదు.

టేక్‌అవే ఓనర్
మా వైపు కూడా వినండమ్మా. ఫర్లో పెట్టి తీరాలని ఏ చట్టమూ చెప్పలేదు, అది ఓనర్ ఇష్టం. ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్), పెన్షన్ మా జేబులోంచే కడుతున్నాం, షాపు రెంట్ ఆగదు. జీరో అవర్స్ వాడికి పని లేదని చెప్పి ఊరుకున్నా తప్పు కాదు. ఇక్కడ ఆయన "రాగానే వేస్తా" అన్నాడు. రాలేదేమో!

పేరోల్ అక్క
మొదటి మాట ఒప్పుకుంటా బాబాయ్. ఫర్లో అననే అనకుండా షిఫ్టులు ఆపేసి ఉంటే ఈ అబ్బాయికి అడగడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. కానీ ఆయన రాతపూర్వకంగా ఫర్లోలో పెట్టానన్నాడు. ఇక "రాలేదేమో" అన్న మాటకొస్తే, ఏ నెల క్లెయిమ్ ఆ నెల ముగిసిన రెండు వారాల్లో వేసేయాలి, వేశాక ఆరు పనిదినాల్లో డబ్బు పడుతోంది. జనవరిది ఏప్రిల్ దాకా రాకపోవడమేంటి?

తమ్ముడూ, హెచ్‌ఎంఆర్‌సీ సైట్‌లో నీ పర్సనల్ ట్యాక్స్ అకౌంట్ తెరువు. డిసెంబర్ నుంచి నీ పేరు మీద ఎవరైనా ఫర్లో క్లెయిమ్ చేస్తే అందులో కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

హౌన్‌స్లో బ్రో
అందరూ దాటేస్తున్న సంగతి ఒకటుంది. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. పేస్లిప్‌లో 20 చూపించి మిగతాది క్యాష్‌లో చేసిన వాడు ట్రిబ్యునల్‌కి (ఉద్యోగ వివాదాలు తేల్చే కోర్టు) వెళ్తే వాడి గోతిని వాడే తవ్వుకున్నట్టు. క్యాష్ గంటలు సగటులోకి ఎలాగూ రావు. నీ లెక్క శుభ్రంగా ఉంటేనే ముందుకెళ్ళు.

లెస్టర్ కుర్రాడు
20 ఎప్పుడూ దాటలేదు బ్రో. అకౌంట్ చూశా, జనవరి, ఫిబ్రవరి రెండింటికీ క్లెయిమ్ కనిపిస్తోంది!! ఫ్రాడ్ అని హెచ్‌ఎంఆర్‌సీకి రిపోర్ట్ కొట్టేయనా?

పేరోల్ అక్క
కొట్టొచ్చు, కానీ వాళ్ళు రాబట్టే డబ్బు ఖజానాకి పోతుంది, నీకు రాదు. నీ డబ్బు నీకు రావాలంటే దారి వేరు. 1996 ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 13వ సెక్షన్ ప్రకారం ఇది జీతం అక్రమంగా కోసుకోవడం. ఆ సెక్షన్ పర్మనెంట్ ఉద్యోగులకే కాదు, 'వర్కర్' కిందికి వచ్చే అందరికీ వర్తిస్తుంది. ముందు ఏకాస్‌కి (ఓనర్లకీ వర్కర్లకీ మధ్య రాజీ కుదిర్చే సంస్థ) ఆన్‌లైన్‌లో నోటిఫై చెయ్యి, వాళ్ళు ఆరు వారాల దాకా రాజీకి ప్రయత్నిస్తారు. ట్రిబ్యునల్ ఫీజు 2017లోనే సుప్రీం కోర్టు కొట్టేసింది, ఖర్చేమీ లేదు. గడువు మాత్రం మూడు నెలలకి ఒక రోజు తక్కువ. జనవరి జీతం 31న పడాలంటే నీకు ఏప్రిల్ 30 ఆఖరు. వరుసగా ఎగ్గొడితే చివరి నెల నుంచి లెక్కేస్తారు, అయినా దాన్ని నమ్ముకోకు.

ఆ శుక్ర, శనివారాలది విడిగా అడుగు. ఫర్లోలో పని చేయించుకోవచ్చు, కాకపోతే ఆ గంటలకి పూర్తి జీతం ఇవ్వాలి. నీకు పాతికేళ్ళు దాటి ఉంటే కనీస వేతనం మార్చి దాకా గంటకి 8.72 పౌండ్లు, ఇప్పుడు 8.91. ఆయన ఇస్తున్నది నాలుగు!

టేక్‌అవే ఓనర్
క్లెయిమ్ చేసి ఇవ్వకపోతే మాత్రం నేను కూడా వెనకేసుకు రాను. కానీ ఏకాస్ కంటే ముందు ఆ స్క్రీన్‌షాట్ ఆయనకి పంపి ఒక వారం టైమ్ ఇచ్చి చూడు బాబూ. లాయర్ దాకా పోకుండానే చాలా మంది కట్టేస్తారు.

కోవెంట్రీ సీనియర్
వారం ఇచ్చినా 30 లోపే వస్తుంది. సరే, కానీ లెటర్‌లో వీసా ఊసు ఎత్తకు.

లెస్టర్ కుర్రాడు
ఈ రాత్రికే మెయిల్ పెడుతున్నా, 21 దాకా టైమ్ ఇస్తా. అక్కా, డ్రాఫ్ట్ ఇన్‌బాక్స్‌లో పంపితే ఒకసారి చూస్తారా?