సెక్షన్ 8 వోచరు ఉన్న కుటుంబానికి ఇల్లు అద్దెకు ఇవ్వడం: ఏమేం తెలుసుకోవాలి?

ప్రశ్న (ఇంటి యజమాని, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మా రెండు పడకగదుల ఇల్లు ఖాళీ అయ్యాక ప్రకటన ఇస్తే, సెక్షన్ 8 వోచరు (తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే పథకం) ఉన్న ఒకావిడ తన ఇద్దరు పిల్లలతో వచ్చి చూసుకుని దరఖాస్తు ఇచ్చారు. పిల్లల బడి దగ్గర కాబట్టి ఆవిడ ఈ ఇల్లే కావాలంటున్నారు. మావాళ్ళలో కొందరు ప్రభుత్వం సొమ్ము నెలనెలా తప్పకుండా వస్తుంది కాబట్టి వెంటనే ఇచ్చేయమంటున్నారు. మరికొందరు తనిఖీల బాధ పడలేరు, తరువాత ఖాళీ చేయించడం కూడా అసాధ్యం, వోచర్లు తీసుకోవడం లేదని చెప్పేయండి అంటున్నారు. అలా చెప్పవచ్చా? అద్దెకు మూడు రెట్ల ఆదాయం ఉండాలన్నది మేము అందరికీ పెట్టే నియమం. ఆవిడ జీతం అందులో సగం కూడా లేదు. దీన్ని ఎలా చూడాలి? అద్దెలో ఎవరి వాటా ఎంతో ఎవరు నిర్ణయిస్తారు?

సమాధానం 1

వోచరు ఉందన్న కారణంతో న్యూజెర్సీలో ఎవరినీ తిరస్కరించకూడదు, ఎందుకంటే ఇక్కడి వివక్ష నిరోధక చట్టం అద్దె కట్టడానికి వాడే చట్టబద్ధమైన ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందన్నదాని ఆధారంగా వివక్ష చూపడాన్ని నిషేధించింది. ఇళ్ళ విషయంలో వివక్షను దేశమంతటా నిషేధించే ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టంలో ఈ రక్షణ లేదు కాబట్టి రాష్ట్రానికో తీరు కనిపిస్తుంది: కాలిఫోర్నియాలో 2020 నుంచి, ఇల్లినాయ్‌లో 2023 నుంచి ఇటువంటి నిషేధం అమలులో ఉంది. ఇతర రాష్ట్రాల మిత్రుల సలహా వినే ముందు ఈ తేడా గమనించండి. మూడు రెట్ల నియమాన్ని మొత్తం అద్దెకు కాక, ఆవిడ స్వయంగా కట్టవలసిన వాటాకు మాత్రమే వర్తింపజేయాలి. అలా లెక్కిస్తే ఆవిడ జీతం సరిపోవచ్చు.

సమాధానం 2 (వోచరు కుటుంబాలకు ఇళ్ళు అద్దెకిస్తున్న యజమాని)

సాధారణంగా కుటుంబం తన సవరించిన (కొన్ని మినహాయింపులు పోగా మిగిలిన) నెల ఆదాయంలో సుమారు 30 శాతం కడుతుంది. మిగిలినది, స్థానిక హౌసింగ్ అథారిటీ (మీ ప్రాంతంలో ఈ వోచర్లు నడిపే ప్రభుత్వ సంస్థ) నిర్ణయించిన పరిమితి మేరకు, నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. మీ అద్దె ఆ పరిమితిని దాటితే ఆ తేడా కుటుంబమే భరించాలి, కానీ కొత్తగా ఇంట్లో చేరేటప్పుడు వారి మొత్తం భారం ఆ సవరించిన ఆదాయంలో 40 శాతం మించకూడదు. దీనికి తోడు, చుట్టుపక్కల వోచరు లేని ఇళ్ళ అద్దెలతో పోల్చి మీ అద్దె సమంజసమేనని అథారిటీ ఒప్పుకోవాలి.

కొత్త యజమానులు తొందరపడేది తాళాలు ఇచ్చే దగ్గరే. ఈ ఇంటికి అద్దె అనుమతి కోరుతూ కుటుంబం పంపే దరఖాస్తు అందాక అథారిటీవారు ఇంటిని తనిఖీ చేస్తారు; అందులో ఇల్లు నెగ్గి, అద్దె ఖరారై, లీజు మొదలైన తరువాతి కాలానికే చెల్లింపు వర్తిస్తుంది. అంతకు ముందే కుటుంబాన్ని ఇంట్లో దింపితే ఆ రోజులకు ప్రభుత్వ వాటా రాదు. మీకూ అథారిటీకీ మధ్య ఒప్పంద పత్రాల పని నెమ్మదిగా సాగి మొదటి సొమ్ము ఆలస్యం కావడం మామూలే, కాబట్టి రెండు నెలల ఇంటి రుణం కంతులు చేతిలో ఉంచుకోండి. ఒప్పందంలో ఉన్న అద్దెకు మించి అద్దెదారు నుంచి చాటుగా ఒక్క డాలరు కూడా తీసుకోవద్దు, వారే సంతోషంగా ఇస్తామన్నా సరే. అది మోసం కింద లెక్క.

సమాధానం 3

అథారిటీ చూసేది ప్రధానంగా కుటుంబం సహాయానికి అర్హులా కాదా అన్నదే. మంచి అద్దెదారులా కాదా అన్నది తేల్చుకోవలసింది మీరే. పాత యజమానులతో మాట్లాడండి, అద్దె సకాలంలో కట్టారా, ఇల్లు శుభ్రంగా అప్పగించారా అని అడగండి, కాకపోతే అందరు దరఖాస్తుదారులకూ ఒకే కొలత వాడండి. మీ రాష్ట్రంలో డిపాజిట్ నెలన్నర అద్దె మించకూడదు. అది వోచరు ఉన్నవారికీ లేనివారికీ ఒకటే.

ఖాళీ చేయించడం అసాధ్యమన్న మాట నిజం కాదు. అద్దెదారు తన వాటా కట్టకపోయినా, లీజును తీవ్రంగా ఉల్లంఘించినా కోర్టుకు వెళ్ళవచ్చు. అయితే అథారిటీ తన వాటా ఆపిందన్న కారణంతో కుటుంబాన్ని వెళ్ళగొట్టడానికి వీల్లేదు, ఆ సొమ్ము వారిని అడగడానికీ వీల్లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. దరఖాస్తు పరిశీలన ఈ వారమే మొదలుపెడతాము. తనిఖీలో ఇల్లు నెగ్గకపోతే ఏమవుతుంది?

సమాధానం 2 రాసినవారు

లోపాలు సరిచేయించి మళ్ళీ తనిఖీ చేయించుకోవచ్చు. అద్దెదారులు ఉండగా జరిగే తనిఖీలో ప్రాణాపాయం కలిగించే లోపం బయటపడితే 24 గంటల్లో, మామూలు లోపమైతే సాధారణంగా 30 రోజుల్లో బాగు చేయించాలి, లేకపోతే ప్రభుత్వ వాటా నిలిచిపోతుంది. నా దృష్టిలో ఇది వేధింపు కాదు. పిల్లలున్న ఇంట్లో పొగ అలారం పనిచేయాలనడం ఏ యజమానికీ బరువు కాకూడదు. మీ ఇల్లు 1978కి ముందు కట్టినదైతే, ఆ పిల్లల్లో ఎవరైనా ఆరేళ్ళలోపువారైతే, పెచ్చులూడుతున్న రంగును తప్పకుండా చూస్తారు. సీసం కలిసిన రంగు కావచ్చు కాబట్టి మీరే గీకించకుండా, అందుకు శిక్షణ పొందినవారితోనే ముందుగా ఆ పని చేయించండి.