‘నేచురల్’ డ్రై ఫుడ్ లేబుల్‌ను ఎలా చదవాలి? ఐదు నెలల లాబ్రడార్ పిల్లకు రెండు రకాల మధ్య ఎంపిక

ప్రశ్న: జున్ను ఇల్లు, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఐదు నెలల ఆడ లాబ్రడార్ పిల్ల ఉంది. పేరు జున్ను, బరువు 14 కిలోలు. ఇంతవరకు దానికి ఏ దుకాణంలోనైనా దొరికే మామూలు పప్పీ డ్రై ఫుడ్ పెడుతున్నాం. ఇప్పుడు సంచి మీద ‘నేచురల్’ అని పెద్ద అక్షరాలతో ఉన్న ఒక దిగుమతి బ్రాండుకు మారాలని ఆలోచిస్తున్నాం. చర్చ బ్రాండు పేరు చుట్టూ తిరగకుండా లేబుల్ మీద ఉన్న విషయాల మీదనే సాగాలన్న ఉద్దేశంతో ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

ఆ బ్రాండులో మాకు రెండు రకాలు అందుబాటులో ఉన్నాయి. మొదటి రకంలో పదార్థాల వరుస ఇది: తాజా కోడిమాంసం 24 శాతం, చికెన్ మీల్ 22 శాతం, దంపుడు బియ్యం, ఓట్స్, కోడి కొవ్వు, ఎండబెట్టిన గుడ్డు, బీట్ పల్ప్, చేప నూనె, ఖనిజాలు, ఉప్పు, దానిమ్మ, పసుపు, రోజ్‌మేరీ సారం. మాంసకృత్తులు కనీసం 30 శాతం, కొవ్వు కనీసం 16, పీచు గరిష్ఠంగా 3, బూడిద (ఆహారాన్ని కాల్చితే మిగిలే ఖనిజాలు) 8, తేమ గరిష్ఠంగా 10 శాతం అని ఉంది. కిలోకు 3,750 కిలోకేలరీలు. రెండోది ధాన్యం లేని రకం: చేప మీల్, బఠాణీలు, శనగలు, బఠాణీ స్టార్చ్, ఎర్రపప్పు, చేప నూనె, తర్వాత ఖనిజాలు, ఉప్పు, కొన్ని మూలికలు. ఇందులో మాంసకృత్తులు 32, కొవ్వు 14, పీచు 5, బూడిద 9, తేమ 10 శాతం, కిలోకు 3,600 కిలోకేలరీలు.

చికెన్ మీల్ అంటే మాంసం దుకాణాల వ్యర్థాలేనని కొందరు అంటున్నారు, అది నిజమా? బియ్యం వల్ల కుక్కలకు దురద వస్తుందని, ధాన్యం లేనిదే శ్రేష్ఠమని దుకాణదారు చెప్పారు. అందులో ఎంత వాస్తవం ఉంది? మూడు కిలోల సంచి ధర 2,250 రూపాయలు. ఇప్పుడు పెడుతున్నది కిలో 300 రూపాయలు. ఈ తేడాకు తగిన ప్రయోజనం పిల్లకు అందుతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: దాణా మిల్లు, హుజూరాబాద్

నేను కోళ్ల దాణా తయారీలో పనిచేస్తున్నాను. కుక్కల ఆహారం మా మిల్లులో తయారు కాకపోయినా, ముడి పదార్థాలను అంచనా వేసే పద్ధతి రెండింటికీ ఒకటే కాబట్టి లేబుల్ వరకు నాకు తెలిసినది చెబుతాను.

పదార్థాలను జాబితాలో రాసేది ఉడికించడానికి ముందు ఉన్న బరువును బట్టి. తాజా కోడిమాంసంలో దాదాపు 70 శాతం నీరే ఉంటుంది. మీల్ అంటే మాంసాన్ని, ఎముకను ఉడికించి, కొవ్వు తీసి, ఆరబెట్టి పొడి చేసినది. అందులో మాంసకృత్తులు సుమారు 65 శాతం ఉంటాయి. మీరు రాసిన మొదటి రకాన్ని వంద కిలోల మిశ్రమంగా ఊహించి లెక్క వేయండి. 24 కిలోల తాజా మాంసం నుండి వచ్చే మాంసకృత్తులు నాలుగు కిలోలకు కాస్త ఎక్కువ. 22 కిలోల మీల్ నుండి వచ్చేవి 14 కిలోలకు పైగా. సంచి మీద బొమ్మ తాజా మాంసానిదే అయినా, మీ పిల్లకు అందే మాంసకృత్తుల్లో అధిక భాగం మీల్ నుండే వస్తుంది. అందువల్ల మీల్‌ను వ్యర్థమని కొట్టివేయడం సరికాదు. అయితే మీల్‌లో నాణ్యత తేడాలు చాలా ఉంటాయి. ఏ జీవి మాంసమో చెప్పకుండా ‘మీట్ మీల్’ అని మాత్రమే రాస్తే నేను సందేహిస్తాను. ‘చికెన్ మీల్’ అని స్పష్టంగా రాయడం మంచి సూచన. బూడిద శాతం ఎంత పెరిగితే ఎముక అంత ఎక్కువ పడిందని సాధారణంగా భావించవచ్చు.

రెండో రకం జాబితాను మరింత జాగ్రత్తగా చూడాలి. చేప మీల్ మొదట ఉంది, నిజమే. కానీ బఠాణీలు, శనగలు, బఠాణీ స్టార్చ్, ఎర్రపప్పు అని నాలుగు పేర్లుగా విడదీసిన పప్పుజాతి పదార్థాలన్నింటినీ ఒకచోట కలిపితే, వాటి బరువు చేప మీల్‌ను మించిపోయే అవకాశం చాలా ఉంది. ధాన్యం లేదు కాబట్టి పిండిపదార్థం తక్కువని అనుకోవడానికీ వీలు లేదు. వంద నుండి మాంసకృత్తులు, కొవ్వు, పీచు, బూడిద, తేమ తీసివేస్తే మొదటి దానిలో 33, రెండో దానిలో 30 మిగులుతాయి. ఆ మూడు శాతం తేడా కోసం ధాన్యాన్ని వదులుకోవడంలో నాకు అర్థం కనిపించడం లేదు.

మాంసకృత్తుల శాతం విషయంలో ఒక సంగతి తెలిసి ఉండాలి. ప్రయోగశాలలో కొలిచేది నత్రజనిని, దాన్ని 6.25తో గుణించి మాంసకృత్తులుగా రాస్తారు. ఆ నత్రజని కోడి నుండి వచ్చిందా, పప్పు నుండి వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. 2007లో అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారాన్ని పెద్దఎత్తున వెనక్కి రప్పించారు. చైనా నుండి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో ఈ అంకెను పెంచడానికి, నత్రజని ఎక్కువగా ఉండే మెలమిన్ అనే పారిశ్రామిక రసాయనం కలపడమే అందుకు కారణం. మూత్రపిండాలు దెబ్బతిని ఎన్నో కుక్కలు, పిల్లులు చనిపోయాయి. కాబట్టి 30 కంటే 32 మెరుగని వెంటనే నిర్ణయించకండి.

ఇక దానిమ్మ, పసుపు. ఇలాంటి ఆహారంలో ఉప్పు సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. జాబితాలో దాని తర్వాత వచ్చేవన్నీ అంతకంటే తక్కువే. నిజామాబాద్, మెట్‌పల్లి పసుపు మార్కెట్లను దగ్గరగా చూసిన మనకు పసుపు మీద గౌరవం ఉండటం సహజమే కానీ, ఈ మోతాదులో ఉన్న పసుపు కోసం అదనంగా డబ్బు చెల్లించవలసిన పని లేదు.

‘నేచురల్’ అన్న మాటకు అమెరికాలో దాణా నియంత్రణ అధికారుల సంఘమైన ఆఫ్కో ఇచ్చిన అర్థం పరిమితమైనది: పదార్థాలు మొక్కలు, జంతువులు, గనుల నుండి వచ్చినవై ఉండాలి, రసాయన సంశ్లేషణతో తయారైనవి కాకూడదు. విటమిన్లు, ఖనిజాలు విడిగా కలిపినట్లయితే ఆ సంగతి పక్కనే చెప్పాలి. ఆ ఆహారం ఎదిగే పిల్లకు సరిపోతుందా లేదా అన్నది ఆ మాట పరిధిలోకి రాదు. ఆ విషయాన్ని డాక్టర్లు చెబితే బాగుంటుంది.

సమాధానం: పశువైద్యుడు, కరీంనగర్

పై సమాధానం బాగుంది. నేను దురద దగ్గర మొదలుపెడతాను. ఆహారం వల్ల అలర్జీ వచ్చే కుక్కల్లో ఎక్కువగా కారణమవుతున్నవి బీఫ్, పాల పదార్థాలు, కోడిమాంసం. గోధుమ వాటి తర్వాత వస్తుంది, బియ్యం పాత్ర చాలా తక్కువ. మా దగ్గరకు దురదతో వచ్చే కుక్కల్లో చాలావాటికి గోమార్లో, మిన్నల్లులో, చర్మం మీద ఫంగసో ఉంటుంది. వాటిని చూడకుండా ఆహారం మార్చితే డబ్బు, సమయం రెండూ పోతాయి. కుక్క ధాన్యాన్ని అరిగించుకోలేదన్న వాదనకు కూడా ఆధారం లేదు. 2013లో స్వీడన్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో కంటే కుక్కలో అనేక రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉంది. మన పల్లెల్లో తరతరాలుగా అన్నం, జొన్నరొట్టె తిని బతికిన కుక్కలను చూసినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు.

ధాన్యం లేని ఆహారం గురించి నాకున్న అభ్యంతరం వేరే. బఠాణీలు, పప్పులు ప్రధానంగా ఉన్న ఆహారం తిన్న కుక్కల్లో గుండె కండరం బలహీనపడి గుండె వ్యాకోచించే డైలేటెడ్ కార్డియోమయోపతి కనిపిస్తోందన్న నివేదికలపై అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 జులైలో పరిశోధన ప్రకటించింది. 2019లో ఆ నివేదికల్లో ఎక్కువగా కనిపించిన 16 బ్రాండ్ల పేర్లు వెల్లడించింది. అయితే ఆహారమే కారణమని నిర్ధారణ కాలేదు. కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప ఇకపై వివరాలు వెలువరించబోమని 2022 చివర్లో ఆ సంస్థే చెప్పింది. ఇంట్లో ఆ ఆహారం తింటున్న కుక్క ఉంటే భయపడనక్కరలేదు. కానీ ధాన్యం పడని కారణం ఏదీ లేనప్పుడు, ఎదిగే పిల్లకు ఆ మార్గాన్ని ఎంచుకోవాలని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

ఇప్పుడు అసలు విషయం. లాబ్రడార్ పెద్ద జాతి. పెద్ద జాతి పిల్లల్లో పేగులు అనవసరమైన కాల్షియాన్ని ఆపలేవు. ఎంత పెడితే అంతా చాలావరకు ఒంట్లోకి వెళ్లి, ఎముకలు, కీళ్లు వంకరపోవడానికి దారితీస్తుంది. ఆఫ్కో ప్రమాణం ప్రకారం ఎదిగే పిల్ల ఆహారంలో తేమ తీసివేసిన లెక్కన కాల్షియం కనీసం 1.2 శాతం ఉండాలి, పెద్ద జాతి పిల్లలకు 1.8 శాతం దాటకూడదు. కాల్షియం, భాస్వరం నిష్పత్తి ఒకటికి ఒకటి నుండి రెండుకు ఒకటి మధ్య ఉండాలి. మాంసకృత్తులు 22.5 శాతం, కొవ్వు 8.5 శాతం ఉంటే చాలు; మీ రెండు రకాల్లోనూ ఇవి కావలసినంత ఉన్నాయి. కాబట్టి మీరు వెతకవలసిన వాక్యం సంచి వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఈ ఆహారం ఏ దశకు సంపూర్ణమైనది? ‘ఎదుగుదలకు, పెద్ద జాతి పిల్లలతో సహా’ అని ఉందా, ‘పెద్ద జాతి పిల్లలు మినహా’ అని ఉందా? పెద్దయ్యాక 70 పౌన్లు, అంటే దాదాపు 32 కిలోలు, అంతకు మించి పెరిగే కుక్కలను ఉద్దేశించిన వాక్యం అది. ఆడ లాబ్రడార్ ఆ అంచుకు దగ్గరగా పెరుగుతుంది కాబట్టి ఆ జాగ్రత్త మీకూ వర్తిస్తుంది. ఆఫ్కో ఏ ఆహారాన్నీ పరీక్షించి ఆమోదించదు. ప్రమాణాన్ని చెబుతుంది, అందుకోవలసిన బాధ్యత కంపెనీదే. మన దేశంలోనూ భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్‌కు పెంపుడు జంతువుల ఆహారం మీద ఐఎస్ 11968 అనే ప్రమాణం ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చట్టం మనుషుల ఆహారానికి సంబంధించినది కాబట్టి ఆ ముద్ర కోసం సంచి మీద వెతకకండి.

సంచి మీద కాల్షియం లేకపోతే కంపెనీకి రాసి అడగండి. ఫార్ములా తయారు చేసినది జంతు పోషకాహారంలో చదువుకున్న నిపుణులేనా, తయారైన ప్రతి బ్యాచ్‌ను పరీక్షిస్తారా అన్నది కూడా అడగండి. అంకెలు ఇవ్వడానికి వెనుకాడే బ్రాండును నేను పక్కన పెడతాను.

సమాధానం: రెండు కుక్కల ఇల్లు, కాజీపేట

ధర విషయం నేను చెబుతాను. కిలో ధరను పోల్చడం కంటే వెయ్యి కిలోకేలరీల ధరను పోల్చడం సరైన పద్ధతి. మీరు చెప్పిన మొదటి రకంలో అది 200 రూపాయలు. ఇప్పటి ఆహారం కిలోకు 3,500 కిలోకేలరీలు ఇస్తుందనుకుంటే 86 రూపాయలు. జున్ను వయసుకు, బరువుకు రోజుకు సుమారు వెయ్యి కిలోకేలరీలు కావాలి కాబట్టి, రోజుకు 270 గ్రాములు, నెలకు ఆరు వేల రూపాయలు అవుతుంది. అది పెద్దయ్యేసరికి ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది. ఆ భారం మోయలేక మధ్యలో మళ్లీ మారడం కంటే, ఏళ్ల తరబడి కొనగలిగిన దానిని మొదటే ఎంచుకోవడం మేలు. ఇప్పుడు పెడుతున్న ఆహారం వెనుక కూడా డాక్టర్ గారు చెప్పిన వాక్యం ఉంటే, అది తక్కువ ధరది అన్న కారణంతోనే వదలవలసిన అవసరం లేదని నా అభిప్రాయం.

నిల్వ గురించి ఎవరూ రాయలేదు. కృత్రిమ నిల్వ పదార్థాలు వాడని ఆహారంలో కొవ్వును కాపాడేవి టోకోఫెరాల్స్ అనే విటమిన్ ఇ రూపాలు, రోజ్‌మేరీ సారం వంటివి. బీహెచ్ఏ, ఎథాక్సిక్విన్ వంటి కృత్రిమ నిల్వ పదార్థాలు నిలిచినంత కాలం ఇవి నిలవవు. మే నెలలో వరంగల్ ఎండ 44 డిగ్రీలకు చేరినప్పుడు రేకుల షెడ్డులో పెట్టిన సంచి సంగతి చెప్పనక్కరలేదు. చేప నూనె ఉన్న రకాలు ముందుగా ముక్కిపోతాయి. సంచి తెరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనె డబ్బా వాసన వస్తుంది, గింజను వేళ్ల మధ్య నలిపితే జిడ్డు అంటుకుంటుంది. అలాంటిది కుక్కకు పెట్టకూడదు. తయారీ తేదీ, దిగుమతిదారు పేరు, చిరునామా చూసి, నెలా నెలన్నరలో అయిపోయే సంచినే కొనండి. సంచిని విప్పి డబ్బాలో పోయకుండా, సంచితో సహా మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. బ్యాచ్ నంబరు కూడా భద్రంగా ఉంటుంది.

పెద్ద సంచి విప్పి కిలోల లెక్కన లూజుగా అమ్మే దుకాణాలు మన దగ్గర చాలా ఉన్నాయి. అందులో తేదీ ఉండదు, పదార్థాల జాబితా ఉండదు. వానాకాలంలో తేమ తగిలితే బూజు పడుతుంది. 2020 చివర అమెరికాలో మొక్కజొన్నకు పట్టిన బూజు నుండి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వల్ల ఒకే కంపెనీ ఆహారం తిని వందకు పైగా కుక్కలు చనిపోయాయి. మొక్కజొన్న పండించే ప్రాంతంలో ఉన్న మనకు తడిసిన గింజకు పట్టే బూజు కొత్త విషయం కాదు. లూజుగా మాత్రం కొనకండి.

ప్రశ్న అడిగినవారు: జున్ను ఇల్లు, హనుమకొండ

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. దిగుమతిదారుకు ఈమెయిల్ రాస్తే అంకెలు పంపారు. మొదటి రకంలో కాల్షియం 1.25 శాతం, భాస్వరం 1.0, రెండో రకంలో కాల్షియం 1.9, భాస్వరం 1.3. ఇవి తేమతో కలిపి ఇచ్చిన అంకెలు. మొదటి సంచి వెనుక ‘ఎదుగుదలకు, పెద్ద జాతి పిల్లలతో సహా’ అని ఉంది. రెండో దాని మీద ‘పెద్ద జాతి పిల్లల ఎదుగుదల మినహా అన్ని దశలకు’ అని ఉంది. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఫార్ములా ఎవరు తయారు చేశారన్న దానికి పశు పోషకాహార నిపుణుల బృందమని రాశారు. ఇప్పుడు వాడుతున్న సంచి మీద పెద్ద జాతి ప్రస్తావన ఏదీ లేదు. డాక్టర్ గారూ, మొదటి రకం తీసుకోవచ్చా? మా అమ్మ రోజూ కొంచెం పెరుగన్నం, కాల్షియం సిరప్ కూడా పెడుతున్నారు. అవి కొనసాగించవచ్చా?

సమాధానం: పశువైద్యుడు, కరీంనగర్

తేమ 10 శాతం తీసి లెక్క కడితే మొదటి దానిలో కాల్షియం దాదాపు 1.4 శాతం, నిష్పత్తి 1.25కు ఒకటి, రెండూ హద్దులో ఉన్నాయి. రెండో దానిలో కాల్షియం 2.1 శాతం, అది జున్నుకు వద్దు. ఖర్చు భరించగలమనుకుంటే మొదటి రకం తీసుకోండి. భారమనిపిస్తే, వెనుక అదే వాక్యం ఉన్న తక్కువ ధర ఆహారాన్ని వెతకండి. అందులో ‘నేచురల్’ అన్న మాట లేకపోయినా పిల్లకు లోటు జరగదు.

కాల్షియం సిరప్ ఈరోజే ఆపేయండి. సంపూర్ణ ఆహారం మీద అదనంగా పోసే కాల్షియం ఆ హద్దును దాటించేస్తుంది. పెరుగన్నం విషయంలో అమ్మగారిని పూర్తిగా మానమని చెప్పనక్కరలేదు. పై తిండి అంతా కలిపి రోజు కేలరీల్లో పదో వంతు, అంటే వంద కిలోకేలరీలు దాటకుండా చూసుకుని, ఆ మేరకు గింజలు తగ్గించండి. పాత ఆహారంలో కొత్తదాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి. రెండు వారాలకోసారి బరువు చూడండి; పక్కటెముకలు కంటికి కనిపించకుండా, చేత్తో తడిమితే తేలికగా తగలాలి. అలా తగలకపోతే 270 గ్రాముల నుండి పది శాతం తగ్గించండి. నడకలో కుంటితనం కనిపిస్తే ఆహారం మార్చి చూద్దామని ఆగకుండా, మామునూరు పశువైద్య కళాశాలకు గానీ దగ్గరలోని పశువైద్యుని దగ్గరకు గానీ తీసుకువెళ్లి ఎక్స్‌రే తీయించండి.