పంచాయతీ ‘సర్వీస్ రెడీ’ అంటున్నారు, మరి మాకు ఇంటర్నెట్ లైను ఎవరిని అడగాలి?

నీలివాకిలి:
సభ్యులందరికీ నమస్కారం. ఉదయం తొమ్మిదింటికి ఈ పని మీద బయలుదేరాను, ఇప్పుడు రాత్రి ఎనిమిదయింది. మా పంచాయతీ కార్యాలయం గోడకు భారత్‌నెట్ పెట్టె, అంటే పంచాయతీలకు ఫైబర్ తీగతో ఇంటర్నెట్ చేర్చే కేంద్ర పథకం పెట్టె, బిగించి ఉంది. ఆ పథకం జాబితాలో మా పంచాయతీ పేరు ఎదురుగా ‘సర్వీస్ రెడీ’ అని స్పష్టంగా ఉంది. అయినా లైను కావాలని ఒక కార్యాలయానికి వెళితే ఇంకో కార్యాలయం పేరు చెప్పారు, అక్కడికి వెళితే దరఖాస్తు తీసుకునే అధికారం తమకు లేదన్నారు, మూడో చోట ఫోను ఎత్తేవారే లేరు. నాకు చిన్న జిరాక్సు దుకాణం ఉంది. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి పిల్లలు వస్తే, నా ఫోను హాట్‌స్పాట్ మీద పేజీ తెరుచుకోక, వాళ్లను ఛార్జీలు పెట్టుకుని పట్టణానికి వెళ్లమని చెప్పవలసి వస్తోంది. లైను కోసం ఎవరికి దరఖాస్తు పెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

తీగపని:
ఏ రాష్ట్రం? పెట్టె మీద ఎల్‌ఓఎస్ దీపం, అంటే సిగ్నల్ అందడం లేదని తెలిపే దీపం, ఎర్రగా వెలుగుతోందా? ఆ కార్యాలయానికి మీ దుకాణం ఎంత దూరం?

లెక్కలపుస్తకం:
నీలివాకిలి గారూ, మీరు అడుగుతున్నది ఎవరి దయ కాదు, ఈ సంగతి ముందుగా గట్టిగా తెలుసుకోవాలి. టెలికాం సంస్థలు తమ సవరించిన స్థూల ఆదాయం మీద 8 శాతం లైసెన్సు రుసుముగా ప్రభుత్వానికి కడుతూ వచ్చాయి. ఆ ఎనిమిది పాళ్లలో ఐదు పాళ్లు మారుమూల ప్రాంతాలకు టెలిఫోను, ఇంటర్నెట్ చేర్చడానికి ఉద్దేశించిన పన్ను. దానికోసమే సార్వత్రిక సేవా బాధ్యత నిధి ఏర్పడింది. టెలిగ్రాఫ్ చట్టానికి 2003లో చేసిన సవరణ ద్వారా, 2002 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చేలా దానికి చట్టబద్ధత కల్పించారు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధిగా మారింది. పంచాయతీలకు తీగ వేయాలని 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు, తరువాత భారత్‌నెట్‌గా పేరు మారిన ఆ పథకానికే, సొమ్ము ఈ నిధి నుంచే వచ్చింది. ప్రతి నెలా రీచార్జి చేయించుకునే మీ ఊరివారందరి డబ్బూ అందులో ఉంది.

పాతఫైలు:
లెక్కలపుస్తకం గారు దానిని పన్ను అనడం సరికాదు. అది లైసెన్సు షరతుల ప్రకారం కట్టే రుసుములో ఒక భాగం, అధికారిక పత్రాలలో దానిని లెవీ అంటారు. పైగా వసూలైన సొమ్ము నేరుగా నిధికి చేరదు. మొదట కేంద్ర ప్రభుత్వ ఆదాయం చేరే భారత సంచిత నిధిలో జమ అవుతుంది, పార్లమెంటు కేటాయించిన మేరకే అక్కడి నుంచి ఈ నిధికి వస్తుంది. ఎంత వసూలైంది, ఎంత కేటాయించారు అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఒకే మాటతో రెండింటినీ కలిపేస్తే మనం అడగవలసిన ప్రశ్న అడగకుండానే పోతుంది.

లెక్కలపుస్తకం:
పేరు ఏదైనా చివరికి భరించేది వినియోగదారుడే కనుక నేను పన్ను అన్నాను. అయినా సంచిత నిధి విషయంలో మీ మాటతో ఏకీభవిస్తున్నాను. వసూలైన దానిలో కేటాయించని భాగం ఎంత అన్నదే నా అసలు ఆవేదన కూడా.

తీగపని:
నీలివాకిలి గారు అడిగింది లైను గురించి.

నీలివాకిలి:
ఎర్ర దీపం లేదు, పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. పెట్టె పనిచేస్తున్నట్టే కదా? అందులో నాలుగు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఒకదాని నుంచి తీగ ఇమ్మంటే ఎందుకు ఇవ్వరు?

తీగపని:
అవి లాన్ పోర్టులు. వాటికి తగిలించే తీగ 100 మీటర్లు దాటితే పనిచేయదు. దూరం ఎంతో మీరు ఇంకా చెప్పలేదు.

ఊరిబడి:
నేను ఉపాధ్యాయుడిని, మా పంచాయతీలో కూడా చాలాకాలం ఇదే అయోమయం ఉండేది. ‘సర్వీస్ రెడీ’ అన్న మాటే దానికి కారణం. చదివినవారికి, ఊరికి సేవ సిద్ధమైంది, ఇక అడిగితే ఇస్తారు అనిపిస్తుంది. ఆ జాబితాలో దాని అర్థం మాత్రం, మండల కేంద్రం నుంచి పంచాయతీ వరకు తీగ వచ్చింది, పరికరం బిగించారు, సేవ ఇవ్వడానికి వీలుంది అని మాత్రమే. మొదటి దశలో మండల కేంద్రంలోని ఎక్స్ఛేంజీలో ఓఎల్‌టీ అనే పెద్ద పరికరం పెట్టి, దారిలో స్ప్లిట్టర్లతో వెలుగును పంచి, పంచాయతీలో ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె పెట్టారు. మీరు చూసినది ఆ చివరి పెట్టెనే. అంటే అది ఒక వినియోగదారుడి ఇంట్లో ఉండే పెట్టె వంటిదే, అక్కడి వినియోగదారు పంచాయతీ. ఇళ్లకు లైను ఇవ్వాలంటే ఆ పెట్టె నుంచి కాదు, దారిలోని స్ప్లిట్టర్ నుంచో, వాడకుండా మిగిలిన ఫైబర్ నుంచో వేరుగా లాగాలి. ఆ ఆఖరి భాగం ఎవరు వేయాలి, ఎవరు నిర్వహించాలి అన్నదాని మీద ఏళ్ల తరబడి దృష్టి చాలినంతగా లేకపోవడం వల్లనే, ఇంత ప్రజాధనం పంచాయతీ గోడ దగ్గర ఆగిపోయింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

పాతఫైలు:
అందుకే 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ కార్యక్రమంలో, అంటే 1,39,579 కోట్ల రూపాయల ఆ పథకంలో, ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చే స్థానిక ఉద్యమిలకు, అంటే చిన్న వ్యాపారులకు, ఆదాయంలో వాటా పెట్టారు. పంచాయతీలను ఒకదాని తరువాత ఒకటిగా కాక వలయంగా కలపాలన్నారు. వలయంలో ఒక చోట తీగ తెగినా రెండో వైపు నుంచి సేవ అందుతుంది. ఇంకొక ముఖ్యమైన సంగతి, పంచాయతీ కేంద్రాలు కాని దాదాపు 3.8 లక్షల గ్రామాలకు కోరిన మీదట లైను ఇస్తామన్నారు.

నీలివాకిలి:
క్షమించాలి, ఇది ముందే చెప్పవలసింది. మాది ఆంధ్రప్రదేశ్. పంచాయతీ కార్యాలయం ఉన్నది పెద్ద ఊళ్లో, మాది దాని శివారు గ్రామం, మధ్యలో మూడు కిలోమీటర్లు. ఒకటే పంచాయతీ కదా అని ఆ సంగతి రాయలేదు.

తీగపని:
మొదటి ప్రశ్నకే ఈ జవాబు వచ్చి ఉంటే సరిపోయేది. ఆంధ్రప్రదేశ్‌లో భారత్‌నెట్ రెండో దశ రాష్ట్ర సంస్థ ద్వారా జరిగింది, తీగ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే వెళ్లింది, ఇళ్లకు సేవ స్థానిక కేబుల్ ఆపరేటర్లు ఇస్తారు. రేపు మూడు పనులు చేయండి. మీ ఊరి స్తంభాల మీద నల్లని ఫైబర్ తీగ ఉందో లేదో చూడండి. ఉంటే మండలంలోని కేబుల్ ఆపరేటర్‌ను కలవండి, దరఖాస్తు అక్కడే. లేకపోతే మీ శివారు గ్రామం పేరుతో ఎన్ని ఇళ్లకు, ఏ దుకాణానికి, బడికి లైను కావాలో రాసి సంతకాలు పెట్టించి, గ్రామసభలో తీర్మానం చేయించండి. నోటిమాటతో తిరిగితే మళ్లీ ఇదే జరుగుతుంది.

ఊరిబడి:
ఆ తీర్మానం ప్రతిని జతచేసి కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు సీపీగ్రామ్స్‌లో టెలికాం శాఖకు అర్జీ పెడితే నమోదు సంఖ్య వస్తుంది. సంఖ్య చేతిలో ఉంటే మా దరఖాస్తు ఏమైందని తరువాత అడగవచ్చు. అర్జీలో పంచాయతీ పేరుతో ఆగకుండా మీ గ్రామం పేరు, పంచాయతీ కేంద్రం నుంచి దూరం తప్పకుండా రాయండి. లేకపోతే ‘ఇప్పటికే సర్వీస్ రెడీ’ అనే జవాబుతో మూసివేసే ప్రమాదం ఉంది.

లెక్కలపుస్తకం:
తీర్మానంలో డిజిటల్ భారత్ నిధి పేరు కూడా రాయించండి. సొమ్ము ఎక్కడి నుంచి రావాలో గ్రామసభకు తెలియాలి.

నీలివాకిలి:
స్తంభాలు చూసి వచ్చాను. మా ఊరి మొదట్లోని ట్రాన్స్‌ఫార్మర్ దాకా నల్ల తీగ ఉంది, ఆపైన లేదు. పొద్దున్నే కేబుల్ ఆపరేటర్ దగ్గరికి వెళతాను. అందరికీ ధన్యవాదాలు.

చెరువుగట్టు:
మాది తెలంగాణ. మా వైపు మిషన్ భగీరథ గొట్టాల వెంట ఫైబర్ వేశారు, స్తంభాల మీద ఏమీ కనబడదు. శివారు గ్రామాల విషయంలో మాకూ ఇదే పద్ధతి వర్తిస్తుందా, లేక వేరే దారి ఉందా?