అడ్వాన్సు కట్టనిదే ప్రమాద బాధితుడిని చూడబోమనే హక్కు ఆసుపత్రికి ఉందా?

గుత్తి వాసి:
44వ జాతీయ రహదారిపై ప్రమాదం జరిగిన ప్రతిసారీ దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రినే దోషిగా నిలబెడుతున్నారు. పది పడకల నర్సింగ్‌హోమ్‌లో న్యూరోసర్జన్ ఉండడు, బ్లడ్‌బ్యాంకు ఉండదు, వచ్చిన క్షతగాత్రుడి వెంట అయినవాళ్లూ ఉండరు. ఖర్చెవరు భరిస్తారో తేల్చకుండా చేర్చుకుని తీరాలనడం న్యాయమేనా?

కర్నూలు న్యాయవాది:
మీ బాధ అర్థమైంది గానీ, చట్టం అడిగేది మీరనుకున్నంత పెద్దది కాదండీ. 1989లో పరమానంద్ కటారా కేసుగా సుప్రీంకోర్టు తేల్చిన ఉదంతం అచ్చం మన దారిలో జరిగేదే. కారు గుద్దిన స్కూటరిస్టును ఆసుపత్రికి తీసుకువెళితే, మెడికో లీగల్ కేసులు (పోలీసు విచారణతో ముడిపడ్డవి) తాము చూడమని 20 కిలోమీటర్ల అవతలికి పంపారు. అతను దారిలోనే ప్రాణం విడిచాడు. ప్రాణరక్షణ జీవించే హక్కును చెప్పే రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందనీ, పోలీసు లాంఛనాల కోసం ఆగరాదనీ, ఈ బాధ్యత ప్రైవేటు వైద్యుడికీ ఉందనీ కోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెప్పేదీ అదే.

గుత్తిలో తలకు ఆపరేషన్ చేయమని ఎవరూ అడగరు. కారే నెత్తురును అదిమిపట్టి కట్టు కట్టడం, నోట్లో నిండిన రక్తం తీసి ఆక్సిజన్ పెట్టడం, సెలైన్ ఎక్కించడం, విరిగిన కాలు కదలకుండా బద్ద కట్టడం, చేసిందంతా టైముతో సహా రాసిన కాగితం ఇచ్చి 108లో పంపడం: వీటిలో న్యూరోసర్జన్ కావలసిన పని ఒక్కటీ లేదు. ఇవేవీ చేయకుండా "అనంతపురం తీసుకుపోండి" అని, సుమారు 50 కిలోమీటర్లు ఆటోలో పంపడాన్నే నేను తప్పుపడుతున్నాను.

ఖర్చు సంగతికి వస్తే, 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా నగదు రహిత చికిత్స ఉంది. పథకంలో లేని ఆసుపత్రి చేసిన ప్రాథమిక స్థిరీకరణ చికిత్సకూ, అంటే ప్రాణం నిలబెట్టే తొలి చికిత్సకూ, అది వర్తిస్తుంది.

గుత్తి వాసి:
కాగితం మీద సరే, బిల్లు చేతికి రావద్దా? పైగా బెడ్లు లేవని పెద్దాసుపత్రి తిప్పి పంపితే అడిగే దిక్కెవరు?

కర్నూలు న్యాయవాది:
అడిగారండీ. రైలు నుంచి పడిన ఒక వ్యవసాయ కూలీని పడక లేదంటూ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పి పంపినందుకు, 1996లో సుప్రీంకోర్టు రూ.25,000 పరిహారం ఇప్పించింది. నిధుల్లేవన్న సాకు చెల్లదన్నది. బిల్లుల విషయంలో మాత్రం నేను మీ పక్షమే. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు కనుక, గుత్తి, డోన్ వైద్యులు రాని బిల్లుల జాబితా పట్టుకుని తమ తమ జిల్లాల కమిటీల దగ్గరికి వస్తే, అర్జీ రాసి పెట్టడానికి నేను సిద్ధం.