కారు స్టీరియోలో పెన్‌డ్రైవ్ పాటలు: పేర్ల బదులు గళ్లు, పాటకో సౌండు

వారధి66:
అందరికీ నమస్తే. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో కారు కొన్నాను, 2014 మోడల్, దాంతోపాటు వచ్చిన స్టీరియోనే ఉంది. నేను రోజూ విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి వస్తాను, చెకప్ ఉన్నప్పుడు నాన్నగారు కూడా వస్తారు. ఆయన కోసం ఘంటసాల పాటలు, పద్యాలు, నాకోసం కొత్త పాటలు కలిపి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేస్తే ‘నో ఫైల్’ అంటోంది. ఇంట్లో ఉన్న పాత 8 జీబీ దాంట్లో వేస్తే పాడుతోంది గానీ పాటల వరుస అంతా తారుమారు, తెలుగు పేర్లు గళ్లు గళ్లుగా వస్తున్నాయి, కొన్ని పాటల్ని అసలు ముట్టుకోకుండా దాటేస్తోంది. అన్నిటికన్నా బాధ సౌండుది. పద్యం వినపడటం లేదని నేను పెంచుతాను, వెంటనే కొత్త పాట వచ్చి చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, నాన్నగారు ఉలిక్కిపడతారు, ఆయనకి గుండె ఆపరేషన్ అయింది, అందుకే నాకు టెన్షన్. ఒక షాపులో చూపిస్తే స్టీరియోనే మార్చాలన్నారు. నిజంగా మార్చాలా?

ఆటోనగర్ వైరింగ్:
మార్చొద్దు. స్టీరియో బాగానే ఉంది, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ (అందులో ఫైళ్లు సర్దే పద్ధతి) దగ్గరే తేడా. 64 జీబీవి చాలావరకు కొన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి, ఆ కాలపు స్టీరియోలు చాలావరకు ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ మాత్రమే చదువుతాయి. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ కొడితే 32 జీబీ దాటిన వాటికి ఫ్యాట్32 అన్న ఆప్షన్ చాలావరకు కనపడదు, రూఫస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేయొచ్చు. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి, ముందు కాపీ తీసి పెట్టుకోండి. నన్నడిగితే 16 జీబీది చాలు. నాలుగు నిమిషాల పాట 320 కేబీపీఎస్‌లో (సెకనుకి 320 కిలోబిట్లు) దాదాపు 9.6 ఎంబీ ఉంటుంది, ఆ లెక్కన కూడా 1,600 పాటల దాకా పడతాయి.

దాటేస్తున్న పాటలు ఎం4ఏ ఫైళ్లేమో చూడండి, అది ఎంపీ3 కాని ఇంకో రకం. పేరు చివర ఎంపీ3 అని మార్చినంత మాత్రాన అది ఎంపీ3 అయిపోదు, కన్వర్ట్ చేయాల్సిందే.

బ్రాడీపేట శ్రోత:
వారధి గారూ, నాన్నగారి సంగతి చదివి రాయకుండా ఉండలేకపోయాను, మా ఇంట్లోనూ పద్యాలు వినే పెద్దాయన ఉన్నారు. సౌండుకి ఎంపీ3గెయిన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది పాటని విప్పి మళ్లీ కుదించదు, సౌండు ఎంతుండాలో చెప్పే ఫైల్లోని గెయిన్ అంకెని మాత్రం 1.5 డెసిబెల్స్ చొప్పున పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, కాబట్టి క్వాలిటీ పోదు, నచ్చకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు. అందులో పాటలన్నిటికీ పెట్టే సౌండు మామూలుగా 89 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, మొదట అక్కడే ఉంచి వినండి, రోడ్డు మోతకి చాలకపోతే కొంచెం పెంచండి. క్లిప్పింగ్ (శబ్దం హద్దు దాటి తెగడం) అన్న గడిలో ‘వై’ పడితే పాట గరగరలాడే ప్రమాదం ఉంది, దాన్ని తగ్గించండి. పాటలకి ట్రాక్ గెయిన్ (ఒక్కో పాటని విడిగా సరిచేసేది) వాడండి, పద్యాలన్నీ ఒకే క్యాసెట్‌వి అయితే ఆల్బమ్ గెయిన్ (అన్నిటినీ కలిపి ఒకే మోతాదులో మార్చేది) వాడండి, గాయకుడు కావాలని మెల్లగా పాడిన చోటు మెల్లగానే ఉండాలి కదా.

ఇంకోటి, దయచేసి 128 కేబీపీఎస్‌లో ఉన్న పాటని 320కి మార్చకండి. ఒకసారి పోయిన శబ్దం తిరిగి రాదు, సైజు పెరుగుతుంది, పైగా రెండోసారి కుదించడం వల్ల ఇంకాస్త చెడుతుంది. ఘంటసాల గారి కాలపు పాటలు ఎక్కువగా మోనోలోనే (ఒకే ఛానల్) ఉంటాయి, వాటికి మోనోలో 128 పెట్టినా హాయిగా ఉంటుంది.

మంగళగిరి రోడ్డు:
గళ్ల సంగతి: స్టీరియోలో తెలుగు ఫాంట్ లేదు, ఫైలు పేరు మార్చినా లాభం లేదు, ఎందుకంటే అది చూపించేది ఫైలు లోపలి ట్యాగ్‌ని (పాట పేరు లాంటి వివరాలు). ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి టైటిల్ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ట్యాగ్ రకం ఐడీ3 వెర్షన్ 2.3గా సేవ్ చేయండి. వరుస సంగతి: చాలా స్టీరియోలు పేరు చూసి కాదు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ ఫైలు ముందు ఎక్కితే దాన్నే ముందు పాడతాయి. పేర్ల ముందు 001, 002 అని పెట్టి, అన్నీ కాపీ అయ్యాక డ్రైవ్‌సార్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో సర్దండి. తర్వాత ఇంకో పాట కలిపితే మళ్లీ సర్దాలి.

వారధి66:
రెండు రాత్రులు కూర్చుని అన్నీ చేశాను. 16 జీబీది కొని, దాటేసిన పాటలు చూస్తే మీరన్నట్టే ఎం4ఏలు, మార్చాను. నిన్న కృష్ణా నది మీది వారధి దాటిన దగ్గర్నుంచి గుంటూరు దాకా నాన్నగారు ఒక్కసారి కూడా సౌండు తగ్గించమనలేదు, మధ్యలో ఒక పద్యానికి తాళం వేశారు. మీ అందరికీ చాలా థ్యాంక్స్. ఒక్కటి మిగిలింది. క్యాసెట్ నుంచి నేనే రికార్డు చేసిన ఒక పద్యం రెండు ఫైళ్లుగా ఉంది, సరిగ్గా రాగం మధ్యలో క్షణం ఆగి మళ్లీ మొదలవుతోంది. దీనికేమైనా ఉందా?

బ్రాడీపేట శ్రోత:
ఎంపీ3గా మార్చేటప్పుడు ప్రతి ఫైలుకీ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది, స్టీరియో దాన్ని కత్తిరించదు, రెండో ఫైలు తెరవడానికి కొంత టైం కూడా తీసుకుంటుంది. రికార్డు చేసిన వేవ్ ఫైళ్లు (కుదించని అసలువి) ఉంచారా? ఉంటే ఆ రెండూ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపి, ఒకే ఎంపీ3గా తీయండి. ఎంపీ3లని అతికిస్తే ఆ ఖాళీ అలాగే మిగులుతుంది.

వారధి66:
వేవ్ ఫైళ్లు పాత హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయండి, ఇవాళ రాత్రే కలుపుతాను.