సమస్య: నవ్వు మోముఁ జూచి నాకు భయము

హనుమకొండ నిర్వాహకుడు: మా అమ్మాయి వైద్య విద్యార్థిని. పొయ్యి పక్క గోడకు చీటీలు అంటించి, ఉప్మా కలుపుతూ వల్లె వేస్తోంది: బియ్యం కడిగిన నీళ్లు కలరా, ఎద్దు మెడ కంఠసర్పి... ఆవిరికి సగం చీటీలు ఊడిపోయాయి. పద్యమైతే ఊడదని ఆశ. ఆటవెలదిలో పూరించండి, ఒక వ్యాధి గుర్తు ఉండి తీరాలి.

జనగామ సభ్యుడు:

తుప్పు మేకు గుచ్చఁ దూఱిన విషముచేఁ
బెదవి కదల లేక బిగిసె దవడ
వంగె వెన్ను విల్లు వలె, మనసున లేని
నవ్వు మోముఁ జూచి నాకు భయము

పరకాల వైద్యుడు: ‘మనసున లేని నవ్వు’కు నమస్కారం. ముఖ కండరాలు బిగిసి పెదవులు పక్కలకు లాక్కుపోతే కనిపించేది అదే. విల్లు రావడంతో ధనుర్వాతం పేరూ పలికింది. కానీ మేకుతో దూరేది విషం కాదండీ, క్రిమి. విషాన్ని అది గాయంలో కూర్చుని తయారు చేస్తుంది. ‘విషముచే’ బదులు ‘క్రిమిచేత’ అంటే గణమూ చెడదు, వైద్యమూ చెడదు. నిజానికి తుప్పుకూ పాపం తెలియదు, మట్టిదే నేరం. పోనివ్వండి.

నిర్వాహకుడి కూతురు:

రాగి వలయ మడుగ రాజయక్ష్మ మటంచు
బదులు చెప్పినంత, పంతులయ్య
కలము మూసి నన్నుఁ గనుచు ముసిముసిగా
నవ్వు మోముఁ జూచి నాకు భయము

పరకాల వైద్యుడు: నల్లగుడ్డు అంచున రాగి పేరుకునేది విల్సన్ వ్యాధిలో. క్షయ అంటే నవ్వక ఏం చేస్తారమ్మా! వ్యాధిని 1912లో వర్ణించింది విల్సన్. వలయానికి మాత్రం కైజర్, ఫ్లైషర్ల పేర్లు. ఇంతకీ ఆచార్యులవారు పంతులయ్య అయింది యతి కోసమేనా?

కూతురు: యతి కోసమే సార్. కోపం కూడా కొంచెం ఉంది.

ములుగు సభ్యురాలు: నేను నర్సును, పద్యాలకు కొత్త. ‘బుగ్గ లోపలఁ దెల్ల చుక్కలు గనఁబడె’ అని మొదలుపెట్టి ఆగిపోయాను.

జనగామ సభ్యుడు: మూడో గణం ‘లఁదెల్ల’ జగణం, అక్కడ చెల్లదు. యతీ తప్పింది. బమ్మెర మనకు దగ్గరే, పోతన వింటాడమ్మా! ఆ మచ్చలు ఎలా ఉంటాయో చెప్పండి, పాదం అదే వస్తుంది.

ములుగు సభ్యురాలు: ఎర్రటి బుగ్గ మీద ఉప్పు చల్లినట్టు. ఆగండి...

బుగ్గ లోన నుప్పు పొడివలె మచ్చలు
తట్టు రాక ముందె తలుపు తట్టె
తల్లి యెఱుఁగ దింకఁ దనయు నెత్తుకొనుచు
నవ్వు మోముఁ జూచి నాకు భయము

పరకాల వైద్యుడు: తట్టు (మీజిల్స్) గుర్తుగా వైద్యుడు కాప్లిక్ 1896లో చెప్పిన మచ్చలు. ఒంటి మీద దద్దురు తేలడానికి ఒకటి రెండు రోజుల ముందే కనిపిస్తాయి. టార్చి వేసి చూసిన కళ్లు రాసిన పద్యమిది.

నిర్వాహకుడు: అమ్మాయి దీన్ని కాగితం మీద రాసుకుంది. మళ్లీ పొయ్యి పక్కనే అంటించింది.